పేరు కింద హోదా లేని పరిశోధన: క్వేకర్ చరిత్రలో మంచి పనిని ఎలా గుర్తించాలి

మన సభల ఆహ్వానపత్రిక ఒకటి తీసి చూడండి. ప్రతి పేరు కిందా చిన్న అక్షరాల్లో ఒక హోదా ఉంటుంది. విశ్రాంత ఆచార్యులు, శాఖాధ్యక్షులు, మాజీ రిజిస్ట్రార్. ఏ హోదా లేని మనిషి వక్తగా వస్తున్నాడంటే పత్రిక వేయించేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. చివరికి 'సాహితీవేత్త' అనో 'సంఘసేవకులు' అనో పెట్టి గండం గట్టెక్కుతారు.

పరిశోధన వ్యాసాల దగ్గరా ఇదే తంతు. పేరు కింద యూనివర్సిటీ ఉంటే చదవడం మొదలుపెడతాం, ఊరి పేరు ఒక్కటే ఉంటే పేజీ తిప్పేస్తాం. నేనూ అలా తిప్పేసినవాణ్ణే. క్వేకర్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆ అలవాటు మానుకోవాల్సి వచ్చింది. ఈ రంగంలో హోదా అనే జల్లెడ పట్టుకుంటే మంచి గింజలే కిందికి జారిపోతాయి.

క్వేకర్లంటే 1650ల ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్, మార్గరెట్ ఫెల్ లాంటివాళ్ల చుట్టూ పుట్టిన క్రైస్తవ సమాజం. వాళ్లు తమని ఫ్రెండ్స్ అని పిలుచుకుంటారు. మౌనంగా కూర్చుని ప్రార్థిస్తారు, యుద్ధానికి వ్యతిరేకం, బిరుదులు వాడరు. తిరువనంతపురంలో ఇటుక ఇళ్లు కట్టిన లారీ బేకర్ మనకి బాగా తెలిసిన క్వేకర్. మీరు వీళ్ల మీద థీసిస్ రాస్తున్నా, వికీపీడియాలో వ్యాసం పెడుతున్నా, ఎవరో పంపిన వ్యాసం వేసుకోవాలా వద్దా అని తేల్చాల్సిన కుర్చీలో ఉన్నా, కింది పద్ధతి పనికొస్తుంది.

1. ముందు హోదాని చేత్తో మూసేయండి

నిజంగానే మూసేయండి. వ్యాసం ప్రింట్ తీసుకుంటే రచయిత పేరు మీద చిన్న కాగితం ముక్క అంటించండి. స్క్రీన్ మీదైతే మొదటి పేజీ దాటేసి చదవండి. రచయిత ఎవరన్నది ఆఖర్న చూడొచ్చు.

ఎందుకంటే క్వేకర్ చరిత్రకి పునాది వేసినవాళ్లలో చాలామందికి యూనివర్సిటీతో సంబంధమే లేదు. ఉండే వీలూ లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో డిగ్రీ కావాలంటే ఆంగ్లికన్ చర్చి నమ్మకాలకి కట్టుబడతానని ఒప్పుకోవాలి. ఈ నిబంధనలు 1850లలో కొంత సడలాయి, దాదాపు పూర్తిగా పోయింది 1871 చట్టంతో. అంతవరకూ క్వేకర్లు బడిపంతుళ్లుగా, వ్యాపారులుగా, బ్యాంకర్లుగా ఉంటూనే చదువుకున్నారు, రాశారు. మేఘాలకి క్యుములస్, సిరస్, స్ట్రాటస్ అని పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్ మందులూ రసాయనాలూ తయారుచేసే వ్యాపారి. అణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ నేతపనివాడి కొడుకు, పాఠాలు చెప్పుకుని బతికాడు.

చరిత్రలోనూ అంతే. క్వేకర్లు రాసిన పుస్తకాలన్నిటికీ 1867లో రెండు సంపుటాల జాబితా వేసిన జోసెఫ్ స్మిత్ పుస్తకాల షాపు ఆయన. తొలి క్వేకర్ల మీద ఈనాటికీ పండితులు చేతికందేలా పెట్టుకునే రెండు పెద్ద గ్రంథాలు 1912లో ఒకటి, 1919లో ఒకటి వచ్చాయి. వాటిని రాసిన విలియం చార్ల్స్ బ్రెయిత్‌వెయిట్ బాన్‌బరీ అనే చిన్న ఊళ్లో బ్యాంకర్. తర్వాత హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ కాడ్‌బరీ ఆ పుస్తకాల్ని పక్కన పెట్టి కొత్తవి రాయలేదు. వాటికే నోట్సు చేర్చి, తప్పులు దిద్ది, 1955లోనూ 1961లోనూ మళ్లీ వేయించాడు. ఒక బ్యాంకర్ పనికి ఒక ప్రొఫెసర్ ఇచ్చిన గౌరవం అది. మన సురవరం ప్రతాపరెడ్డి గారు వకీలుగా, పత్రికా సంపాదకుడిగా ఉంటూ ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాయలేదూ? 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే వచ్చింది.

2. వెతకాల్సిన చోట వెతకండి

మామూలు అకడమిక్ సెర్చ్‌లో ఈ పని చాలా వరకు కనిపించదు. యూనివర్సిటీ ప్రెస్ పుస్తకాలే పైకి తేలతాయి. అందుకని దారి మార్చాలి.

లండన్ యూస్టన్ రోడ్డులోని ఫ్రెండ్స్ హౌస్‌లో క్వేకర్ల లైబ్రరీ ఉంది. ఆ సేకరణ 1673లో మొదలైంది. ఫ్రెండ్స్ రాసిన ప్రతి పుస్తకం రెండు కాపీలు, ఫ్రెండ్స్‌కి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి పుస్తకం ఒక కాపీ దాచాలని అప్పుడే తీర్మానించుకున్నారు. తిట్టినవాళ్ల పుస్తకాన్ని కూడా బీరువాలో పెట్టుకున్నారన్నమాట. అచ్చయినవే కాదు, ఎవరో ఓపిగ్గా టైపు చేసి ఇచ్చిన జీవితచరిత్రల కాగితాలు కూడా అక్కడ దొరుకుతాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరి హావర్‌ఫర్డ్, స్వార్త్‌మోర్ కాలేజీల ప్రత్యేక సేకరణలు చూడాలి.

పత్రికల్లో ఫ్రెండ్స్ హిస్టారికల్ సొసైటీ జర్నల్ 1903 నుంచి వస్తోంది. అమెరికాలో క్వేకర్ హిస్టరీ, ఈ కాలపు అధ్యయనాలకి క్వేకర్ స్టడీస్. పాత సంచికలు తిరగేస్తే లైబ్రేరియన్లు, డాక్టర్లు, టీచర్లు, రిటైరైన ఉద్యోగులు వరుసగా కనిపిస్తారు. బ్రిటన్‌లోని మీటింగ్ హౌస్‌ల (క్వేకర్ల ప్రార్థనా మందిరాల) మీద 1999లో రెండు సంపుటాలు తెచ్చిన డేవిడ్ బట్లర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. గోడ ఎక్కడ కట్టారో, తర్వాత ఎక్కడ పగలగొట్టి కలిపారో చెప్పడానికి చరిత్ర పీహెచ్‌డీ కంటే కొలబద్దతో అలవాటున్న చెయ్యే పనికొస్తుంది.

భారతదేశం విషయమైతే మార్జరీ సైక్స్ దగ్గర మొదలుపెట్టండి. 1928లో ఆమె మద్రాసు వేపేరిలోని బెంటింక్ బాలికల పాఠశాలకి టీచరుగా వచ్చింది. అప్పట్లో మన ఆంధ్ర జిల్లాలకీ మద్రాసే రాజధాని. తర్వాత శాంతినికేతన్, సేవాగ్రామ్. జీవితంలో ఎక్కువ భాగం బడుల్లో, ఆశ్రమాల్లో గడిపిన మనిషి. భారతదేశంలో క్వేకర్ల చరిత్ర మీద 1980లో ఆమె వేసిన పుస్తకానికి 'మరచిపోయిన శతాబ్దం' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టింది. 1866లో వచ్చిన క్వేకర్ మిషనరీ రేచెల్ మెట్‌కాఫ్, హోషంగాబాద్ చుట్టుపక్కల మిషన్, రసూలియా గ్రామ కేంద్రం గురించి ఈనాటికీ మొదట చదవాల్సింది అదే. హోషంగాబాద్‌ని ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టండి. బుందేల్‌ఖండ్‌లో అమెరికన్ ఫ్రెండ్స్ మిషన్ మీద 1985లో పుస్తకం వేసిన అన్నా నిక్సన్ కూడా అక్కడే పనిచేసిన మిషనరీ.

ఒక హెచ్చరిక. మిషన్ మనిషి రాసిన మిషన్ చరిత్రలో మిషన్ ఫైళ్లే మాట్లాడతాయి. కరువులో అనాథాశ్రమానికి చేరిన పిల్లవాడు పెద్దయ్యాక ఏమనుకున్నాడో ఆ ఫైళ్లలో తక్కువ. ఆ లోటు మీరు నోట్ చేసుకోవాలి. లోటుందని పుస్తకాన్నే పక్కన పెట్టేయకూడదు.

3. తారీఖు పరీక్ష పెట్టండి

నా దృష్టిలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే. పది నిమిషాలు చాలు.

క్వేకర్లు నెలలకి రోమన్ దేవతల పేర్లు వాడేవాళ్లు కాదు. మొదటి నెల, రెండో నెల అని అంకెలతో రాసేవాళ్లు. ఆదివారం అంటే మొదటి రోజు. ఇంతవరకూ తేలికే. కానీ ఇంగ్లండ్‌లో 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకని వాళ్ల లెక్కలో మొదటి నెల మార్చి. పదకొండో నెల జనవరి, పన్నెండో నెల ఫిబ్రవరి. ఆ రెండు నెలలూ పాత సంవత్సరం తోకలో ఉంటాయి. మనకి చైత్రంతో ఏడాది మొదలై, మాఘ ఫాల్గుణాలు ఆఖర్న వచ్చినట్టే.

ఇప్పుడొక ఉదాహరణ చూడండి. తాము ఆయుధం పట్టమని క్వేకర్లు రెండో చార్ల్స్ రాజుకి ఇచ్చిన ప్రసిద్ధ ప్రకటన మీద '1660, 11వ నెల, 21వ రోజు' అని ఉంటుంది. నేను మొదటిసారి నోట్సు రాసుకున్నప్పుడు 1660 నవంబర్ 21 అని రాసేశాను. నిజానికి అది మన లెక్కలో 1661 జనవరి 21. రెండు నెలల తేడాకి ఇంత గోలెందుకు అనిపించవచ్చు. కానీ 1661 జనవరి మొదటి వారంలో థామస్ వెన్నర్ అనేవాడు లండన్‌లో తిరుగుబాటు చేశాడు. దానితో సంబంధం లేని క్వేకర్లని కూడా వేల సంఖ్యలో జైల్లో పెట్టారు. 'మేం అలాంటివాళ్లం కాం' అని చెప్పుకోవడానికి వచ్చిన ప్రకటన అది. నా నవంబర్ లెక్క ప్రకారం నేరం జరగకముందే సంజాయిషీ ఇచ్చినట్టయింది!

కాబట్టి వ్యాసంలో 1752కి ముందటి తారీఖులు మూడు నాలుగు ఏరండి. రచయిత వాటిని సరిగ్గా మార్చాడా, లేక మూలంలో ఉన్నట్టే ఉంచి పక్కన వివరణ ఇచ్చాడా చూడండి. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న తారీఖులకి 1660/61 అని గీత పెట్టి రాశారంటే ఆ మనిషి రాతప్రతుల మధ్య కూర్చున్నవాడే. పెద్ద యూనివర్సిటీ పేరున్న వ్యాసంలో ఇది తప్పిపోవచ్చు, ఊరిపేరు మాత్రమే ఉన్న వ్యాసంలో నిక్కచ్చిగా ఉండొచ్చు.

4. 'ఫాక్స్ అన్నాడు' అంటే, ఏ ఫాక్స్ అని అడగండి

జార్జ్ ఫాక్స్ 1691లో పోయాడు. ఆయన ఆత్మకథ 1694లో అచ్చయింది. దాన్ని సిద్ధం చేసిన థామస్ ఎల్‌వుడ్ బాగానే దువ్వి, గరుకు మాటలు నున్నగా చేశాడు. 1911లో నార్మన్ పెన్నీ మూల రాతప్రతిని ఉన్నది ఉన్నట్టు రెండు సంపుటాలుగా వేశాడు. 1952లో జాన్ నికల్స్ చదువుకోడానికి వీలైన కూర్పు తెచ్చాడు. పెన్నీ, నికల్స్ ఇద్దరూ క్వేకర్ లైబ్రరీని చూసుకున్న లైబ్రేరియన్లు. మంచి పరిశోధకుడు ఏ కూర్పులోంచి తీసుకున్నాడో చెబుతాడు. 'ఫాక్స్ అన్నాడు' అని వదిలేసి పేజీ ఇవ్వకపోతే, అది ప్రొఫెసర్ రాసినా సరే, పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి.

దీనితోపాటు కత్తి కథ చూసుకోండి. పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్ క్వేకర్‌గా మారాక 'నేను కత్తి ధరించవచ్చా' అని ఫాక్స్‌ని అడిగాడట. 'నీకు ఎన్నాళ్లు వీలైతే అన్నాళ్లు ధరించు' అన్నాడట ఆయన. అందమైన కథే, కానీ ఇద్దరి కాలంలోనూ దీనికి ఆధారం లేదు. అచ్చులోకి వచ్చింది 1850ల్లో, శామ్యూల్ జానీ రాసిన పెన్ జీవితచరిత్రలో. ఫాక్స్ పోయి అప్పటికి నూట అరవై ఏళ్లు. జానీ కూడా యూనివర్సిటీ మనిషి కాదు, వర్జీనియా క్వేకర్. హోదా లేనంత మాత్రాన రాసింది నిజమైపోదని చెప్పడానికే ఈ కథ తెచ్చాను. ఎవరైనా దీన్ని జరిగిన సంగతిగా రాస్తే మిగతా పేజీలు ఇంకాస్త జాగ్రత్తగా చదవండి.

5. చేదు ఉందా?

మీటింగ్ అంటే క్వేకర్ల సభే కాదు, ఆ సభలో కలిసే సమాజం కూడా. స్థానిక మీటింగ్ చరిత్రలు ఎక్కువగా ఆ మీటింగ్ సభ్యులే రాస్తారు. తాతల మీద గౌరవంతో రాస్తారు. అక్కడే జారతారు.

బానిసత్వం దగ్గర పరీక్షించండి. 1688లో ఫిలడెల్ఫియా దగ్గరి జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు బానిసత్వం తప్పని సంతకాలు చేసి మీటింగ్‌కి ఇచ్చారు. దీన్ని ప్రతి క్వేకర్ పుస్తకమూ గర్వంగా చెబుతుంది. నెలకోసారి కలిసే మంత్లీ మీటింగ్ దాన్ని పైకి, మూడు నెలలకోసారి కలిసే క్వార్టర్లీ మీటింగ్ ఇంకా పైకి పంపాయని, చివరికి ఏడాదికోసారి కలిసే ఇయర్లీ మీటింగ్ దాని మీద తీర్పు చెప్పకుండా పక్కన పెట్టిందని ఎంతమంది చెబుతారు? బానిసల్ని ఉంచుకున్నవాళ్లకి సభ్యత్వం ఉండదని ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగ్ తేల్చింది 1776లో. మధ్యలో ఎనభై ఎనిమిదేళ్లు. విలియం పెన్ కూడా బానిసల్ని ఉంచుకున్నవాడే. మీ చేతిలోని చరిత్ర 1688 నుంచి 1776కి ఒక్క గెంతు గెంతిందా, మధ్యలో ఆగిందా చూడండి. ఆగి రాసినవాళ్లున్నారు. ఆఫ్రికన్ అమెరికన్లతో క్వేకర్ల సంబంధం మీద 2009లో పెద్ద పుస్తకం తెచ్చిన డోనా మెక్‌డేనియల్, వానెస్సా జూలై ప్రొఫెసర్లు కారు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన సమాజమే నల్లవాళ్లని పక్క బెంచీ మీద కూర్చోబెట్టిన సంగతి వాళ్లు దాచకుండా రాశారు.

6. పేరు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి

పని బాగుందని తేలింది. ఇక గౌరవం. ఇక్కడ చాలామంది చేసే మోసం ఒకటుంది. (తెలిసి చేసేది తక్కువ, అలవాటు కొద్దీ జరిగేదే ఎక్కువ.) ఊళ్లో ఉండే పెద్దాయన ఇరవై ఏళ్లు మినిట్స్ పుస్తకాలు (మీటింగ్ నిర్ణయాలు రాసిపెట్టే పుస్తకాలు) తిరగేసి ఏ మీటింగ్ ఎప్పుడు మొదలైందో, ఎవరు ఎవరికి చుట్టమో తేల్చిపెడతాడు. దాన్ని వాడుకున్న రచయిత మూల రికార్డుని మాత్రం ఫుట్‌నోట్‌లో ఇస్తాడు, తానే వెళ్లి చూసినట్టు. పెద్దాయన పేరు కృతజ్ఞతల పేజీలో, టీ ఇచ్చినవాళ్ల పక్కన ఉంటుంది.

మీరు అలా చేయకండి. మీరు మూలం చూడకుండా ఆయన వ్యాసంలోంచే తీసుకుంటే ఆయన వ్యాసాన్నే ఉదహరించండి. ఆయన దారి చూపాక మీరు వెళ్లి మూలం చూస్తే రెండూ ఇవ్వండి. వాదన ఆయనదైతే పేరు ఫుట్‌నోట్‌లో కాదు, వాక్యంలోనే రావాలి. అచ్చు కాని టైపు కాగితాలైతే ఏ లైబ్రరీలో ఏ నంబరు కింద ఉన్నాయో రాయండి. రాతప్రతిని ఎత్తిరాసినవాళ్లకి, సూచికలు తయారుచేసినవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. జర్మన్‌టౌన్ కాగితమే తీసుకోండి, కొన్ని తరాలు ఎవరికీ పట్టకుండా పడి ఉండి 1844లో బయటపడింది. మళ్లీ తప్పిపోయి 2005లో ఫిలడెల్ఫియా ఆర్చ్ స్ట్రీట్ మీటింగ్ హౌస్ వాల్ట్‌లో దొరికింది. వెతికే ఓపిక ఉన్నవాళ్లు లేకపోతే మనం గర్వంగా చెప్పుకోడానికి ఆ కాగితమే ఉండదు.

పేరు ముందు డాక్టర్, ప్రొఫెసర్ పెట్టే విషయం కూడా తేల్చుకోండి. ఒకే వ్యాసంలో ఒకరిని 'ప్రొఫెసర్' అని, ఇంకొకరిని ఉత్త పేరుతో రాస్తే చదివేవాడికి తూకం అక్కడే మారిపోతుంది. క్వేకర్లు ఎలాగూ బిరుదులు వాడరు కాబట్టి అందరికీ తీసేయడం తేలిక. తెలుగులో రాస్తున్నప్పుడు 'గారు' పెడితే అందరికీ పెట్టండి.

7. మీ చేతిలో అధికారం ఉంటే

పత్రిక సంపాదకులో, బహుమతి కమిటీ సభ్యులో అయితే ముందు దరఖాస్తు ఫారం తెరవండి. 'సంస్థ' అనే గడి నింపకపోతే ఫారం ముందుకు పోకుండా చేశారా? తీసేయించండి. 'శాఖాధిపతి లేఖ' అడుగుతున్నారా? శాఖే లేని మనిషికి అధిపతి ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఆ లేఖ బదులు క్వేకర్లకే ఒక పాత పద్ధతి ఉంది. ఎవరైనా ఫ్రెండ్ దేవుని పనిమీద దూరం వెళుతుంటే సొంత మీటింగ్ ఒక మినిట్ రాసి చేతికిస్తుంది, ఈ మనిషి మాకు తెలుసు, ఈ పని మీద వస్తున్నారు అని. వెళ్లిన చోటివాళ్లు దానిమీదే తమ మాట రాసి పంపుతారు. హోదా లేని పరిశోధకుడికి ఆర్కైవ్ గుమ్మం దగ్గర కావాల్సింది సరిగ్గా ఇలాంటి ఒక పేజీ. స్థానిక చరిత్ర సంఘం రాసినా చాలు, మీరు రాసినా చాలు.

'స్వతంత్ర పరిశోధకుల' పేరుతో విడిగా బహుమతి పెట్టాలా? దాంతో డబ్బు, లైబ్రరీ ప్రవేశం, ప్రయాణ ఖర్చు వస్తే పెట్టండి. శాలువా, మెమెంటో మాత్రమే అయితే అది ఆహ్వానపత్రికలో 'సంఘసేవకులు' లాంటిదే. పేర్లు మూసి అందరి పనినీ ఒకే వరుసలో చదవడం మేలు. బ్రిటన్ క్వేకర్లు ఒకప్పుడు ప్రార్థన సభలో బాగా మాట్లాడే వరం ఉన్నవాళ్ల పేర్లు మినిట్స్‌లో నమోదు చేసేవాళ్లు. జీతం లేదు, పట్టాభిషేకం లేదు. అయినా అదీ ఒక పైమెట్టులా కనిపిస్తోందని 1924లో మానేశారు.

8. అచ్చుకి ముందు ఆ వాక్యం పంపండి

క్వేకర్ మీటింగ్‌లో ఓట్లు ఉండవు. సభ నడిపే క్లర్క్ అక్కడే కూర్చుని మినిట్ రాసి, అందరి ముందూ చదివి, సరే అన్నాకే పుస్తకంలోకి ఎక్కిస్తారు. మీరూ అదే చేయండి. ఆ పరిశోధకుల పని గురించి మీరు రాసిన రెండు మూడు వాక్యాలు విడిగా కాపీ చేసి వాళ్లకే పంపండి. పేరు ఎలా వేయాలి, కింద ఊరు పెట్టాలా, ఏమీ వద్దా అని అడగండి. కొందరు 'స్వతంత్ర పరిశోధకులు' అనిపించుకోవడానికి ఇష్టపడతారు, కొందరికి ఆ మాట నిరుద్యోగిలా వినిపిస్తుంది. జవాబుకి రెండు వారాలు గడువు పెట్టుకోండి. చాలామంది పెద్దవాళ్లు, ఈమెయిల్ రోజూ చూడరు. జవాబు వచ్చేటప్పుడు మీ తారీఖుల్లో ఒక తప్పు దిద్ది పంపే అవకాశం కూడా ఉంది. నా నవంబర్‌ని జనవరి చేసింది అలాంటి ఉత్తరమే.